టీకా – తాత్పర్యం

తెలుగు తరగతిలో 'టీకా' అనే మాట వినబడగానే విద్యార్థులకు పద్యం క్రింద వ్రాయవలసిన అర్థవివరణ జ్ఞాపకం వస్తుంది. ముందు టీక, పిదప తాత్పర్యం వ్రాయుట పరీక్షలలో ఆచారం. సూది మందుకు చెప్పే 'టీకా' వేరొక మాట. అది హిందీ, ఉర్దూ భాషల నుండి మనకు వచ్చింది. రెండు భాషలూ వినిపించే మన కళాశాలలో ఈ రెండు అర్థాలూ ఒకే ప్రాంగణంలో మసలుతూ ఉంటాయి. అయితే, 2021 నుండి జనుల నోళ్ళలో ఇంతగా నానిన వైద్యపు టీకాకు తాత్పర్యం చెప్పుకున్నవారు తక్కువ. పొగడినవారున్నారు, తిట్టినవారున్నారు, విడమరచి చెప్పినవారు అరుదు.

2024 వేసవి సెలవుల అనంతరం కళాశాల తెరచిన రోజులలో బి.ఏ. చదివే విద్యార్థిని ఒకామె మా గదికి వచ్చి ఫోనులో ఒక వార్త చూపింది. కోవిషీల్డ్ టీకాకు మూలమైన ఆస్ట్రాజెనెకా కంపెనీ, తన టీకా వలన మిక్కిలి అరుదుగా రక్తం గడ్డకట్టే జబ్బు కలుగవచ్చునని బ్రిటన్ న్యాయస్థానానికి సమర్పించిన పత్రాలలో అంగీకరించినదని ఆ వార్త. "సార్, మా అబ్బాజాన్ రెండు సూదులూ వేసుకున్నారు. ఆయనకు ఇప్పుడు ఏమైనా అవుతుందా?" అని అడిగింది. ఆమె కంఠం వణికింది. 'అదంతా పుకారు, వెళ్ళి చదువుకో' అనుటకు వీలులేదు. ఆ వార్త పుకారు కాదు. 'అవును, భయపడవలసిందే' అనుటయూ సత్యం కాదు. ఆనాడు ఆమెకు చెప్పిన నాలుగు మాటలనే పెంచి ఈ వ్యాసం వ్రాస్తున్నాము. మేము వైద్యులము కాము, భాషోపాధ్యాయులము. కాని ఈ చిక్కులో సగం భాషకు సంబంధించినదే అని మా నమ్మకం.

మూడు ఊళ్ళలో విన్న మాటలు

మన దేశంలో కరోనా టీకా 2021 జనవరి 16న ఆరోగ్య సిబ్బందితో మొదలయింది. మార్చి 1 నుండి అరవై ఏండ్లు దాటినవారికీ, ఏప్రిల్ 1 నుండి నలభై ఐదు దాటిన అందరికీ, మే 1 నుండి పద్దెనిమిది నిండిన వారికీ అనుమతి లభించింది. ఆ దినాలలో తెనాలిలోని మా ఇరుగు పొరుగులు, బాపట్లలోని మిత్రుల కుటుంబాలు, రేపల్లెలోని మా అమ్మగారి పుట్టింటివారు చెప్పిన అనుభవాలు ఒకదానికొకటి పొసగేవి కావు. ఒకరికి రాత్రంతా చలిజ్వరం. వేరొకరికి భుజం వాచి మూడు రోజులు చేయి పైకి లేవలేదు. మా దూరపు బంధువైన ఒక పెద్దమ్మకు ఏమీ కాలేదు, దానికామె సంతోషించక, "నాకు జ్వరమే రాలేదు, సూదిలో మందు పోశారా, నీళ్ళు పోశారా?" అని అనుమానించింది. జ్వరం వస్తే హాని చేసినదని, రాకుంటే పని చేయలేదని, టీకాకు రెండు విధాలా నిందయే మిగిలింది.

జ్వరం, ఒళ్ళునొప్పులు, సూది గుచ్చిన చోట వాపు – ఇవి శరీరంలోని రక్షణశక్తి మేల్కొన్న గుర్తులు. సాధారణంగా రెండు మూడు రోజులలో తగ్గిపోతాయి. ఒక్కొక్కరి ఒంటి తత్త్వాన్ని బట్టి అవి హెచ్చుగానో, తక్కువగానో ఉంటాయి. జ్వరం రానంత మాత్రాన రక్షణ కలుగలేదని అర్థం కాదు. కావున పెద్దమ్మ సందేహానికి సమాధానం సులభమే. రేపల్లెలోని మా మామూజాన్ సందేహం అంత సులభమైనది కాదు.

ఆయన వీధిలో ఒక వృద్ధుడు సూది వేయించుకున్న నాలుగవ నాడు మరణించాడు. అది విని మామూజాన్ వెనుకాడారు. "కొన్నాళ్ళు చూద్దాంలేరా" అన్నారు. ఆ చూచుటలోనే ఏప్రిల్ గడచింది. మే నెలలో రెండవ ఉద్ధృతి వచ్చింది. ఆయనకు కరోనా సోకింది. పదకొండవ నాడు అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. 'ఆ సూది వేయించుకొని ఉంటే బ్రతికేవాడు' అని ఇంటిల్లిపాదీ ఏడ్చారు. మేము కూడా ఆ మాటే అనదలచాము, కాని అనలేకపోయాము. పొరుగు వృద్ధుడు సూది వలననే మరణించాడనుటకు ఋజువు లేనట్లే, మామూజాన్ సూది వలన తప్పక బ్రతికేవారనుటకు కూడా ఋజువు లేదు. ఒక్క మనిషి విషయంలో ఈ సంగతి ఎవరూ తేల్చి చెప్పలేరు. వేలమందిని లెక్కించినపుడే తేలుతుంది.

కాకి, తాటిపండు

రేపల్లె నుండి సముద్రతీరం వైపు వెళ్ళే దారులలో తాటిచెట్లకు కొదువ లేదు. పండి రాలడానికి సిద్ధంగా ఉన్న తాటిపండు మీద కాకి వాలుతుంది. అదే క్షణాన పండు రాలుతుంది. చూచినవాడు కాకి వలననే రాలినదంటాడు. దీనినే మన పెద్దలు కాకతాళీయం అన్నారు. వ్యాకరణంలో 'వలన' అనేది పంచమీ విభక్తి. అది కారణాన్ని తెలుపుతుంది. 'తరువాత' అనేది కాలాన్ని తెలిపే మాట. 'టీకా తరువాత మరణించాడు', 'టీకా వలన మరణించాడు' అనే రెండు వాక్యాలకు నడుమ ఎంతో దూరం ఉన్నది. వీధిలో వార్త నాలుగు నోళ్ళు మారేసరికి మొదటి వాక్యం రెండవ వాక్యమైపోతుంది.

చిన్న లెక్క చూడండి. లక్ష జనాభా గల పట్టణంలో వెయ్యికి ఏడాదికి ఏడుగురు చొప్పున మరణిస్తారనుకుందాం. అనగా ఏటికి ఏడువందలమంది, వారానికి పదముగ్గురు. ఒకే రోజున ఆ పట్టణంలో అందరికీ ఉత్త మంచినీటిని సూదితో ఎక్కించినా, ఆ తరువాతి వారంలో పదముగ్గురు మరణిస్తారు. పదముగ్గురి ఇండ్లలోనూ 'సూది వేసిన వారంలోనే పోయాడు' అనే మాట నిజమే అవుతుంది. ముందుగా టీకా వేసినది వృద్ధులకూ, దీర్ఘరోగులకూ గనుక ఆ సంఖ్య మరింత హెచ్చుగా కనబడుట సహజం.

అయితే కాకి ఎన్నడూ పండును రాల్చదని ఈ న్యాయానికి అర్థం కాదు. ఏది కాకతాళీయమో, ఏది కాదో తేల్చుటకు మార్గాలున్నవి. టీకా వేసుకున్నవారిలోనూ, వేసుకోనివారిలోనూ ఆ జబ్బు ఎంత వచ్చినదో పోల్చుట. సూదికీ, జబ్బుకూ మధ్య గడచిన రోజులు చూచుట. శరీరంలో అది ఏ విధంగా జరిగినదో పరీక్షలతో కనుగొనుట. వేరు కారణం ఉన్నదేమో వెదకుట. ఇందుకోసమే టీకా అనంతరం కలిగిన అనారోగ్యాలను నమోదు చేసి, నిపుణులతో విచారించే సంఘాలు జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిలలో ఏర్పడినవి.

నిజమైన హాని

విచారించినపుడు కొన్ని హానులు నిజమని తేలినవి. మొదటిది సూది పడిన నిమిషాలలోనే వచ్చే తీవ్రమైన అలర్జీ. ఊపిరి ఆడదు, రక్తపోటు పడిపోతుంది. వెంటనే అడ్రినలిన్ సూది ఇస్తే ప్రాణం నిలుస్తుంది. టీకా వేసిన పిదప అరగంట కూర్చోమనుట ఇందుకే. ఆ అరగంటను మనలో చాలామంది ఆసుపత్రివారి చాదస్తమనుకున్నాము. 2021 మార్చిలో టీకా వేసుకున్న 68 ఏండ్ల వ్యక్తి ఒకరు ఇట్టి అలర్జీ వలన మరణించినట్లు జాతీయ సంఘం అదే ఏడు జూన్ మాసంలో వెల్లడించింది. మన దేశంలో కరోనా టీకా వలన కలిగినదని సంఘం ధ్రువపరచిన తొలి మరణమది.

రెండవది మా విద్యార్థిని చూపిన వార్తలోని జబ్బు. కోవిషీల్డ్ వంటి టీకా తరువాత, మిక్కిలి కొద్దిమందిలో, రక్తంలోని ప్లేట్‌లెట్ల ప్రోటీన్ ఒకదానికి ఎదురుగా శరీరమే ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. అందువలన ఒకవంక రక్తం గడ్డకడుతుంది, మరొకవంక ప్లేట్‌లెట్లు తగ్గిపోతాయి. 2024లో కొత్తగా తెలిసిన సంగతి కాదిది. ఐరోపా ఔషధ సంస్థ 2021 ఏప్రిల్ 7ననే దీనిని అరుదైన దుష్ఫలితాల జాబితాలో చేర్చింది. మన జాతీయ సంఘం 498 తీవ్రమైన కేసులను పరిశీలించి, వానిలో 26 రక్తం గడ్డకట్టినవి కావచ్చునని 2021 మే 17న ప్రకటించింది. అనగా కోవిషీల్డ్ పది లక్షల మోతాదులకు 0.61. బ్రిటన్‌లో అది పది లక్షలకు 4 అని ఆ ప్రకటనలోనే ఉన్నది. మన దేశంలో ప్రతి జబ్బూ నమోదు కాదు గనుక మన అంకె అసలుకంటె తక్కువ కావచ్చును. ఎట్లు చూచినా అరుదే. కాని శూన్యం కాదు.

ఈ జబ్బు వచ్చేది సామాన్యంగా సూది పడిన నాలుగవ రోజు నుండి నలభై రెండు రోజుల లోపల. ఏండ్ల తరబడి ఒంటిలో పొంచి ఉండి ఒకనాడు బయటపడేది కాదు. విద్యార్థిని తండ్రి రెండవ సూది వేసుకున్నది 2021 ఆగస్టులో. "ఆ గడువు ఏనాడో దాటింది, అమ్మా. మీ అబ్బాజాన్ నిశ్చింతగా ఉండవచ్చు" అని చెప్పాము.

యువకులు హఠాత్తుగా కుప్పకూలి మరణించుట కూడా టీకా వలననే అని చాలామంది నమ్మారు. భారత వైద్య పరిశోధన మండలి 47 ఆసుపత్రులలో, 18 నుండి 45 ఏండ్లవారిలో ఇట్టి మరణాలు 729ని, వారితో సమానమైన 2,916 మంది జీవించి ఉన్నవారితో పోల్చి 2023లో ఫలితం ప్రకటించింది. టీకా వలన ఆ ప్రమాదం పెరుగలేదు. కరోనాతో ఆసుపత్రి పాలగుట, కుటుంబంలో హఠాన్మరణాలుండుట, మితిమీరిన మద్యపానం, అలవాటు లేని తీవ్రశ్రమ – ఇవి పెంచినవి.

వేసుకున్నా వచ్చినది గదా?

ఇది రెండవ సందేహం, మొదటిదానికంటె బలమైనది. రేపల్లె వృద్ధులకు ఇది క్రొత్తది కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమతోపాటు ఈ తీరాన్ని కూడా దెబ్బతీసింది. ఆ పిదప కలరా సూదులు వేసిన సంగతి పెద్దలు నేటికీ చెబుతారు. చేయి వాచి, జ్వరం వచ్చేది. అయినా ఆ పాత కలరా సూది రక్షణ సుమారు సగంమందికే, అదీ కొద్ది మాసాలపాటే. ప్రయాణికులకు కలరా టీకా ధ్రువపత్రం ఉండాలనే నియమాన్ని ప్రపంచ ఆరోగ్య సభ 1973లోనే రద్దు చేసింది. కలరాను అణచినది ప్రధానంగా శుభ్రమైన నీరు, పారిశుద్ధ్యం. అనుమానించిన పెద్దలు తెలివితక్కువవారు కారు.

చెన్నపట్నం సమీపాన చెంగల్పట్టులో 1968లో ఆరంభించిన బి.సి.జి. పరిశోధన మరొక ఉదాహరణ. పెద్దలకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని అందులో తేలింది. ఆ ఫలితాన్ని దాచకుండా లోకానికి చెప్పారు. అయినా పసిబిడ్డలకు నేటికీ బి.సి.జి. వేస్తున్నారు. క్షయ మెదడుకు సోకకుండా శిశువులను అది కాపాడుతుంది గనుక. ఒక టీకా 'పని చేస్తుందా?' అని అడుగుట చాలదు; 'ఎవరికి, దేని నుండి, ఎంతకాలం?' అని అడుగవలెను.

హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్ సంగతి చూడండి. సుమారు 25,800 మంది స్వచ్ఛంద సేవకులలో సగంమందికి టీకా, సగంమందికి టీకా లేని సూది వేశారు. తరువాత లెక్కించగా జబ్బుపడినవారు టీకా వర్గంలో 24, రెండవ వర్గంలో 106. దీనినే 77.8 శాతం సామర్థ్యమన్నారు. నూరుమందిలో 22 మందికి జబ్బు వస్తుందని దీని అర్థం కాదు. టీకా లేనప్పుడు రాగల జబ్బులో నాలుగింట మూడు వంతులు తగ్గినదని అర్థం. కాలం గడచేకొద్దీ, ఓమిక్రాన్ వంటి క్రొత్త రూపాలు వచ్చేకొద్దీ, సోకకుండా ఆపే శక్తి తగ్గింది. తీవ్రజబ్బును, మరణాన్ని ఆపే శక్తి ఎక్కువకాలం నిలిచింది.

'ఆసుపత్రిలో ఉన్నవారిలో ఎక్కువమంది టీకా వేసుకున్నవారే' అనే మాటకు కూడా లెక్కయే జవాబు. వెయ్యిమందిలో 900 మంది వేసుకున్నారు, 100 మంది వేసుకోలేదు అనుకుందాం. వేసుకోనివారిలో నూటికి పదిమంది, వేసుకున్నవారిలో నూటికి ఇద్దరు ఆసుపత్రి పాలయ్యారనుకుందాం. అప్పుడు ఆసుపత్రిలో వేసుకున్నవారు 18, వేసుకోనివారు 10. తలలు లెక్కిస్తే టీకా ఓడినట్లున్నది. నిజానికి ప్రమాదం ఐదవ వంతుకు తగ్గింది.

"ముందే ఎందుకు చెప్పలేదు?"

తండ్రికి భయం లేదని విని ఆ విద్యార్థిని ఊరట చెందింది. గుమ్మం వరకు వెళ్ళి వెనుకకు తిరిగి, "అయితే ఇదంతా మాకు ముందే ఎందుకు చెప్పలేదు సార్?" అని అడిగింది. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము.

ఈ ప్రశ్న వెనుక మన తెలుగునేల మీదనే జరిగిన కథ ఒకటి ఉన్నది. 2009 జులైలో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, 10 నుండి 14 ఏండ్ల బాలికలు సుమారు 14,000 మందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే హెచ్.పి.వి. టీకాను ఒక ప్రదర్శన పథకం క్రింద వేశారు. భద్రాచలం పరిసరాల గిరిజన బాలికలు వారిలో ఎందరో ఉన్నారు. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇట్టి పథకమే నడిచింది. రెండు రాష్ట్రాలలో కలిపి ఏడుగురు బాలికలు మరణించారు. 2010 ఏప్రిల్‌లో పథకాన్ని నిలిపివేశారు. విచారణలో ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదు. పాముకాటు, నీట మునుగుట, పురుగుమందు వంటివి కారణాలుగా తేలినవి. 'వలన' అనే మాట నిలువలేదు.

కాని అదే విచారణలో మరొక తప్పు బయటపడింది. తల్లిదండ్రులు చేయవలసిన అంగీకార సంతకాలను అనేకచోట్ల వసతి గృహాల వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ పథకాన్ని తీవ్రంగా విమర్శించింది. టీకాలో దోషం లేకపోవచ్చు; అడుగకుండా వేయుటలో దోషమున్నది. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ముందుగా ఎవరూ ఏమీ చెప్పనప్పుడు, తరువాత ఎన్ని విచారణలు జరిగినా ఆమె ఎట్లు నమ్మగలదు?

కరోనా కాలంలోనూ ఈ లోపం కొంత కనబడింది. కోవాగ్జిన్‌కు తుది పరీక్షల ఫలితం రాకమునుపే, 2021 జనవరిలో అనుమతి ఇచ్చారు. కోవిషీల్డ్ రెండు సూదుల మధ్య గడువు మొదట నాలుగు నుండి ఆరు వారాలు, తరువాత ఆరు నుండి ఎనిమిది, 2021 మేలో పన్నెండు నుండి పదహారు వారాలు అయింది. ఎక్కువ వ్యవధి ఎక్కువ రక్షణనిస్తుందనే ఆధారం ఉన్నది. కాని టీకాల కొరత ఉన్న దినాలలో మారినందున జనులు అనుమానించారు. టీకా అనంతరం మరణించిన ఇద్దరు యువతుల తల్లిదండ్రులు సుప్రీంకోర్టును ఆశ్రయించగా, పరిహారానికి తాను బాధ్యురాలిని కానని కేంద్ర ప్రభుత్వం 2022 నవంబరులో సమాధానమిచ్చింది. లక్షలమంది మేలుకోసం వేసే సూదిలో ఒక్కరికి హాని కలిగితే, ఆ ఒక్కరి భారం లక్షలమందీ మోయుట న్యాయమని మా అభిప్రాయం.

మన సమాజం మాట

ముస్లిం కుటుంబాలలో టీకాలంటే విముఖత అని తరచు అంటారు. పోలియో చుక్కలు సంతానం లేకుండా చేస్తాయనే పుకారు ఉత్తరప్రదేశ్‌లో మన వారిని బాధించిన మాట వాస్తవం. ఆ పుకారుకు ఆధారం లేదు. కాని 'ఇన్నిసార్లు ఎందుకు వేస్తున్నారు?' అనే తల్లుల ప్రశ్నలో మాత్రం సత్యాంశం ఉన్నది. మన దేశపు పిల్లలలో చుక్కల మందు తక్కువగా పని చేస్తున్నదని వేలూరు వైద్య కళాశాల ఆచార్యులు డాక్టర్ టి. జాకబ్ జాన్ దశాబ్దాలుగా చెప్పారు. అందుకే అన్ని మోతాదులు అవసరమయ్యాయి. ఆ కారణాన్ని ఇంటింటా విప్పి చెప్పి ఉంటే పుకారుకు అంత చోటు దొరికేది కాదు. చివరకు మత పెద్దలూ, వైద్యులూ కలిసి ఇల్లిల్లూ తిరిగారు. 2011 జనవరి తరువాత దేశంలో సహజ పోలియో కేసు రాలేదు; 2014 మార్చి 27న భారతదేశం పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచింది.

మశూచికమూ, తట్టూ వేర్వేరు జబ్బులని గుర్తించి గ్రంథం వ్రాసినవాడు అల్ రాజీ. ఈ సూక్ష్మ పరిశీలన మన విద్యా సంప్రదాయంలోనిదే. హజ్ యాత్రికులు మెదడు పొరల వాపును నివారించే మెనింజైటిస్ టీకా వేయించుకొనియే బయలుదేరుతారు. దానిని ఎవరూ శంకించరు. ఎందుకు వేస్తున్నారో, ఎవరికోసమో వారికి ముందే తెలుసు గనుక.

తాత్పర్యం

విద్యార్థిని రెండవ ప్రశ్నకు మాకు తరువాత తోచిన జవాబు ఇది. రక్తం గడ్డకట్టే జబ్బు సంగతి 2021 మే నెలలోనే ప్రకటించారు. కాని ఆ ప్రకటన ఆమె వీధి వరకు, ఆమె తండ్రికి తెలిసిన మాటలలో రాలేదు. తీసుకొని రావలసినవారిలో మేమూ ఉన్నాము, చదువుకున్న మీరూ ఉన్నారు.

కావున విద్యార్థులకు మా మనవి. ఇకపై ఇంటిలో ఎవరికైనా టీకా వేయించునప్పుడు అది ఏ జబ్బుకు, ఎంత రక్షణ, ఏ దుష్ఫలితాలు, ఎన్నాళ్ళలో అని అడుగండి. అరగంట కూర్చోండి. టీకా పేరు, తేదీ గల కాగితం దాచండి. తరువాతి వారాలలో విడువని తలనొప్పి, ఆయాసం, ఛాతీనొప్పి, కాలివాపు కనబడితే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళి టీకా తేదీ చెప్పండి, ఏ.ఎన్.ఎం.కు తెలిపి నమోదు చేయించండి. నమోదైన ప్రతి కేసూ మరొకరి ప్రాణానికి రక్ష. వార్తను ఇతరులకు పంపే ముందు అందులోని మాట 'తరువాత'యా, 'వలన'యా అని ఒక్కసారి చూడండి.

కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఒక విన్నపం. మన ప్రాంగణంలో టీకా శిబిరం జరిగినప్పుడు, ఆ టీకా మేలూ, కీడూ అంకెలతో సహా తెలుగులో ఒక పుట, ఉర్దూలో ఒక పుట ముందురోజే గోడకు అంటింపజేయగలరు. వ్రాసి ఇచ్చుటకు మా తెలుగు శాఖ సిద్ధంగా ఉన్నది. మామూజాన్ వంటి పెద్దమనిషి 'కొన్నాళ్ళు చూద్దాం' అన్న నాడు ఆయన చేతికి ఇవ్వడానికి మా వద్ద అట్టి కాగితం ఒక్కటీ లేకపోయింది.